గెలిచినవాడి దిక్కు

ఫాల్గుణ శుద్ధ దశమి. పగలు మూడో జాము దాటి రెండు ఘడియలైంది. కాంచనదుర్గం కోట మైదానంలో కోట జట్టు నాలుగో ఆటగాడు పడ్డాడు. పడినవాడు జట్టు నాయకుడు కేసరి. అతడు కోలను భుజాన వేసుకుని గుడారం వైపు నడిచి వచ్చాడు. అతని నీడ అతనితో రాలేదు.

ఆ సంగతి మొదట చూసినవాడు కేసరి తమ్ముడు పింగళుడు. అన్నదమ్ములిద్దరూ పట్టపుటేనుగు మావటి కొడుకులు. జట్టులో కేసరిది మొదటి పేరు, పింగళుడిది పదకొండోది. పింగళుడు గుడారం బయట కూర్చుని కోలకు నూనె రాస్తున్నాడు. అన్న ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పింగళుడి ఒళ్ళో ఎండ అలాగే ఉంది. అంత మనిషి అడ్డం నిలబడితే ఎండ ఎలా పడుతుందని తలెత్తి చూశాడు. తరువాత అన్న పాదాల వైపు చూశాడు.

"అన్నా, నీ నీడేదీ?"

కేసరి కిందికి చూసుకున్నాడు. "ఉంటుందిలే ఎక్కడో," అన్నాడు. తమ్ముడి వైపు చూసి, "నువ్వెవరి అబ్బాయివి నాయనా?" అని అడిగాడు.

పింగళుడు అన్న చెయ్యి పట్టుకున్నాడు. తెల్లవారుజామున బావి గట్టు రాయిలా ఉంది ఆ చెయ్యి. అన్నను గుడారంలోకి నడిపించి తలుపు తెర పూర్తిగా పైకెత్తాడు. ఎండ లోపలికి వచ్చింది. అంతకు ముందు పడిన ముగ్గురూ చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నీళ్ళ చెంబులకు నీడలున్నాయి. వాళ్ళకు లేవు. నీడపట్టున కూర్చున్నవాళ్ళ నీడ గురించి ఎవరడుగుతారు? అందుకే అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు.

కోలచెండు ఆట తెలియనివాడు ఆ రాజ్యంలో లేడు. పరదేశి ఎవరైనా వింటుంటే వాళ్ళకోసం ఈ నాలుగు మాటలు. రెండు కొసలా మూడేసి గూటాలు నేలలో పాతుతారు. ఒక కొసన ఒకడు కోల పట్టుకుని వాటికి కాపలా ఉంటాడు, ఎదుటి కొసన అతని జతగాడు ఉంటాడు. ఎదుటి కొస నుంచి వేరొకడు చెండు విసురుతాడు. కొట్టి, ఇద్దరూ కొసలు మారేలా పరుగెత్తితే ఒక పరుగు. చెండు హద్దుగీత దాటితే నాలుగు. గూటం పడితే వాడు బయటికి. పరుగులో కోల గీతను చేరకముందు పడినా అంతే. పదిమంది బయటికి పోతే ఆట సరి. గెలిచినవాళ్ళకు చెండు ఇస్తారు. ఇంకొకటి కూడా ఇస్తారు. దాని పేరు గెలిచినవాడి దిక్కు. కిందటి ఏటి విజేత తను కొట్టేటప్పుడు పడమటి కొసన, సూర్యుడికి వీపు పెట్టి నిలబడతాడు. కళ్ళలో ఎండ పడదు. పన్నెండేళ్ళుగా ఆ దిక్కు కాంచనదుర్గానిది. పన్నెండేళ్ళలో ఆ జట్టు ఒక్క ఆట ఓడలేదు.

ఎదుటివాళ్ళు లవణదీవి ఉప్పుమడుల కూలీలు. వాళ్ళకు కాళ్ళకు చెప్పులు లేవు. కోలలు పడవ తెడ్లు నరికి చేసుకున్నవి. పొద్దున వాళ్ళు కోట వీథిలో నడిచి వస్తుంటే, "ఉప్పు తూచడానికి వచ్చారా, ఊరగాయకు వచ్చారా?" అని జనం నవ్వారు. వాళ్ళు మొదట ఆడి అరవై ఒక్క పరుగులు చేశారు. కేసరి పడేసరికి కోటగోడ మీద సున్నంతో గీసిన గీతలు ముప్పై ఎనిమిది. జనం నవ్వడం మానేశారు.

అయిదోవాడు మైదానంలోకి వెళ్ళాడు. రెండు విసుర్లకు తిరిగి వచ్చాడు. నీడ లేదు.

ఆరోవాడు పడ్డాక నీళ్ళ విరామం ఇచ్చారు. పింగళుడు చెంబు పట్టుకుని ఆటపెద్ద ఓబయ్య దగ్గరకు పరుగెత్తాడు. ఓబయ్యకు డెబ్భై ఏళ్ళు. తీర్పు ఆయనదే. రాజు కూడా ఆటలో ఆయన మాట దాటడు.

"తాతా, మావాళ్ళ నీడలు..."

"గట్టిగా అనకు," అన్నాడు ఓబయ్య. చెంబు అందుకున్నాడు గాని తాగలేదు. "చూశాను. చెండు కూడా చూశాను. పొద్దున నా చేత్తో ఇచ్చింది ఎర్ర చెండు. ఇందాక పట్టుకున్నాను. నల్లబడింది. పసిబిడ్డంత బరువుంది. చల్లగా ఉంది."

"ఎవరు చేస్తున్నారు?"

ఓబయ్య గడ్డంతో చూపించాడు. లవణదీవి జట్టులో చెండు విసిరేవాడు తూర్పు కొసన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తల నుంచి మోకాళ్ళ దాకా గోనె ముసుగు. కళ్ళ దగ్గర రెండు చిల్లులు. నీళ్ళు తాగడానికి రాలేదు.

"పన్నెండేళ్ళ కిందట నడుము దాకా జటలున్న ధూమకేశుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు. పదకొండు నీడలిస్తే రాజుకు చావు లేకుండా చేస్తానన్నాడు. మహారాజు వాణ్ణి కోట బయటికి గెంటించాడు. పోతూ పోతూ వాడు, 'నువ్వివ్వకపోతే నీ ఆటగాళ్ళే ఇస్తారు' అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

"ఆట ఆపించు తాతా!"

"ఆపితే చెండు విసిరినవాడికే పోతుంది. అదీ ఆచారం. నీడలన్నీ దాంట్లో ఉన్నాయి. గెలిచి తీసుకోవాలి, వేరే దారి లేదు." ఓబయ్య సూర్యుడి వైపు చూశాడు. "నీడ లేనివాడు పొద్దు గూకితే ఉండడు నాయనా. ఇంకా నాలుగు ఘడియలుంది."

పింగళుడు తిరిగి వస్తూ దారిలో లవణదీవి నాయకుడు పోలయ్యను నిలేశాడు. పోలయ్య నడివయసువాడు. ఉప్పునీళ్ళకు అరచేతులు పగిలి ఉన్నాయి.

"ఆ గోనెముసుగు ఎవడు?"

"మాకేటి తెల్దు సామీ. మావోడొకడికి జొరమొచ్చి పడ్డాడు. పదిమందికి ఆటెవుడిత్తాడు? దారిలో ఈడెదురొచ్చి, నానొస్తానన్నాడు. మొకానికి బొల్లుందంట, సూపించనన్నాడు. సరేలెమ్మన్నాం." పోలయ్య గొంతు తగ్గించాడు. "నిన్న రేతిరి నించి ముద్ద ముట్టలేదు. మా పిల్లకాయలు ఆడి పక్కన తొంగోడానికి బయపడి చలిలో బయట తొంగున్నారు. గెలుత్తున్నాం గానీ సామీ, గెలుత్తున్నట్టు లేదు."

విరామం అయిపోయింది. ఏడోవాడు పడ్డాడు. ఎనిమిదోవాడు తొమ్మిది పరుగులు చేసి పడ్డాడు. నాలుగో జాము ముక్కాలు దాటాక తొమ్మిదోవాడు పడ్డాడు. గోడ మీద గీతలు యాభై నాలుగు. గుడారంలో తొమ్మిదిమంది. మొదట పడినవాడు రెప్ప వెయ్యడం మానేశాడు. కేసరి తమ్ముడి వైపు చూసి మర్యాదగా నవ్వాడు, దారి అడగబోయే బాటసారిలా.

ఎనిమిది పరుగులు కావాలి. పింగళుడు కోల తీసుకున్నాడు.

మైదానంలో ఉన్నవాడు దండపాణి. పదో ఆటగాడు, కోట తలుపు కాపలాదారు. తలుపు మూసినా ఒకటే, వాడు అడ్డం నిలబడినా ఒకటే అని ఊళ్ళో చెప్పుకునేవారు. అతడు ఎదుటి కొసన ఉండబట్టి ఇంతసేపు మిగిలాడు.

"వచ్చావా బావా," అన్నాడు దండపాణి. "నేను పారిపోదామనుకున్నా. కాళ్ళు ఒప్పుకోలేదు. పొట్ట ఒక్కటే బయలుదేరింది."

పింగళుడు నేల చూస్తున్నాడు. గూటాల ముందు బంకమన్నులో చెండు పడిన గుంటలున్నాయి. మామూలు విసుర్ల గుంటలు చెదురుగా ఉన్నాయి. వాటిలో తొమ్మిది మాత్రం లోతుగా, గూటాల నుంచి ఒకే వరసలో తూర్పుగా పోయాయి. మొదటిది గూటాలకు రెండడుగుల దూరం. నాలుగోది అయిదడుగులు. తొమ్మిదోది పది అడుగులు దాటింది. పింగళుడు గూటాల ముందు నిలబడ్డాడు. వీపున ఎండ కాల్చింది. అతని నీడ ముందుకు సాగి పడింది. తల నీడ తొమ్మిదో గుంటకు బెత్తెడు అవతల ఆగింది.

అప్పుడు తెలిసింది. గోనెముసుగు ఇంతసేపూ గూటాలకు గురిపెట్టలేదు. నీడ తలకు గురిపెట్టాడు. పొద్దు వాలినకొద్దీ నీడ సాగింది, గుంట దాంతోపాటు ముందుకు జరిగింది. చెండు వచ్చి నీడ తల మీద పడగానే మనిషి చెయ్యి మొద్దుబారింది, గూటం పడింది. పన్నెండేళ్ళు గెలిచి సంపాదించుకున్న దిక్కే తొమ్మిదిమంది నీడల్ని తెచ్చి వాడి ముందు పరిచింది.

గోనెముసుగు చెండు పైకెత్తాడు.

"ఆగు!" అని అరిచాడు పింగళుడు. కోల గూటాలకు ఆనించి మైదానం మధ్యకు నడిచి పోలయ్య ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి ఆచారం ప్రకారం చెప్పవలసిన మాట మూడుసార్లు చెప్పాడు.

"దిక్కు మీది. దిక్కు మీది. దిక్కు మీది."

ఆ మాట విని పన్నెండేళ్ళయింది. దిక్కు ఒకసారి ఇస్తే మళ్ళీ పన్నెండేళ్ళు అడగడానికి లేదు. ఆట గెలిచినా సరే.

కోట మేడ మీద చిత్రసేన మహారాజు లేచి నిలబడ్డాడు.

"మావటి కొడకా! ఎవరి దిక్కు ఎవరికి ధారపోస్తున్నావురా? మాట వెనక్కి తీసుకో! లేకుంటే రేపు పొద్దున నీ తండ్రి ఏనుగు చేతనే నిన్ను తొక్కిస్తాను!"

పింగళుడికి ఆ ఏనుగు తెలుసు. దానికి చిన్నప్పుడు బెల్లం పెట్టాడు. తొక్కమంటే తొక్కుతుందని కూడా తెలుసు. కాని రేపు పొద్దున అన్నమాట రేపటిది. పొద్దుగూకేది ఇవాళ.

"మా అన్నకు దిక్కు కావాలి ప్రభూ," అన్నాడు. "ఈ దిక్కు నాకెందుకు?"

పోలయ్య అటు రాజును చూశాడు, ఇటు గోనెముసుగును చూశాడు. గోనె చిల్లుల్లోంచి ఏదో బుసకొట్టింది. పోలయ్య ఒకడుగు వెనక్కి వేసి, గబగబా, "పుచ్చుకున్నాం సామీ, పుచ్చుకున్నాం," అన్నాడు.

"పుచ్చుకున్నారు!" అని ఓబయ్య కేకవేశాడు. ఇక రాజు కూడా చేసేదేమీ లేదు.

కొసలు మారాయి. పింగళుడు తూర్పు కొసకు వెళ్ళి సూర్యుడికి ఎదురుగా నిలబడ్డాడు. నీడ వెనక్కి పోయి గూటాల అవతల పడింది. ఇక చెండు నీడను తాకాలంటే తనను దాటి పోవాలి. దాటనివ్వకూడదు. ఒక్కటి కూడా వదలడానికి లేదు.

పడమటి కొసన గోనెముసుగు పక్కన నిలబడిన దండపాణికి చెప్పాడు. "బావా, నీ నీడను చెండు దారిలో పడనివ్వకు. పక్కకు జరుగు."

"జరిగాను. అది జరగడం లేదు. అది కూడా నాలాగే లావు."

పింగళుడు తలెత్తాడు. ఏమీ కనబడలేదు. సూర్యుడు కొండకు నాలుగు మూరల ఎత్తున ఉన్నాడు. ఎదురుగా అంతా తెలుపు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తండ్రి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎదురెండలో ఏనుగు తొండమెత్తితే పైకి చూడొద్దురా, కింద నీడ చూసుకో, నేల అబద్ధం చెప్పదు అనేవాడు. పింగళుడు తల దించాడు. చెండు విసిరేవాడి నీడ తన వైపే సాగి ఉంటుంది. చెయ్యి ఎప్పుడు లేస్తుందో దాన్నిబట్టి పట్టుకోవచ్చు.

మూడు గూటాల నీడలు కనబడ్డాయి. దండపాణి నీడ కనబడింది. ఆ రెండిటి మధ్య ఉత్త నేల ఉంది.

గోనెముసుగుకు నీడ లేదు.

అడుగుల చప్పుడు వినబడింది. పరుగెత్తి వస్తున్నాడు. తరువాత నేల మీద ఏదో కదిలింది. చెండు కనబడలేదు గాని చెండు నీడ కనబడింది. పిడికెడు చెండుకు ఏనుగు చెవంత నీడ. దాని అంచున తొమ్మిది తలలున్నాయి. అది గడ్డి మీద నుంచి పింగళుడి పాదాల వైపు దూసుకు వచ్చింది. చెండు దిగేకొద్దీ నీడ చిన్నదైంది. నీడా చెండూ కలిసిన చోట మన్ను చిమ్మింది. పింగళుడు అక్కడ కొట్టాడు.

కోల జివ్వుమంది. చెండు కుడివైపు పోయింది.

"పరుగు!" అని అరిచాడు దండపాణి. రెండు పరుగులు తీశారు. యాభై ఆరు.

రెండో చెండు వేగంగా వచ్చింది. నీడ ఈసారి పాము నడకతో వంకర పోయింది. పింగళుడు దాని వెంట కోలను తిప్పాడు. చెండు కోల అంచుకు తగిలి, చెండు ఆపడానికి నిలబడ్డ ఇద్దరి మధ్య నుంచి జారి, హద్దుగీత దాటింది. నాలుగు. అరవై. మైదానం చుట్టూ జనం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది. ఎవరూ కేరింత కొట్టలేదు.

రెండు కావాలి. సూర్యుడి కింది అంచు కొండను తాకింది. గుడారం లోపల ఎవరో చాప మీద ఒరిగిన చప్పుడైంది. ఎవరో పింగళుడికి తెలియదు. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు.

గోనెముసుగు మూడో చెండు విసిరాడు. నేల మీద నీడ పడలేదు.

పింగళుడు ఎదురుచూశాడు. నీడ లేదు. చెండు వచ్చిందని గాలి చెప్పింది. చల్లటి గాలి నెత్తి మీదుగా పోయింది. అప్పుడు అర్థమైంది. చెండు గూటాలకు కాదు. ఆకాశానికి విసిరాడు. అది తల మీదుగా పోయి వెనక పడి ఉన్న నీడ మీద దిగుతుంది.

పింగళుడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. సూర్యుడు వీపుకు వచ్చాడు. ఆ కొసకు వెళ్ళాక మొదటిసారి అతనికి చెండు కనబడింది. నల్లగా, నెమ్మదిగా, తన నీడ తల మీదికి దిగుతోంది. గూటాలను చుట్టి రెండంగలు వేసి, బారజాచి, నేలకు జానెడు ఎత్తున దాన్ని కోలతో ఎగదన్నాడు.

"పరుగెత్తు బావా!"

చెండు తూర్పు హద్దు దగ్గర పడింది. పోలయ్య దాని వెంట పడ్డాడు. మొదటి పరుగు అయింది. దండపాణి తిరిగాడు. పోలయ్య చెండు తీశాడు. చల్లదనానికి "అమ్మో" అన్నాడు గాని చెయ్యి వదల్లేదు. ఆట ఆటే. గురి చూసి పడమటి గూటాలకు విసిరాడు. దండపాణి ఆ కొసకు మూడంగల దూరంలో ఉన్నాడు. అతడు పరుగు ఆపి నేల మీదికి దూకాడు. పొట్ట మీద జారుకుంటూ పోయి, కోల కొసను గీత మీద పెట్టాడు. చెండు గూటాన్ని పడగొట్టింది.

ఓబయ్య మోకాళ్ళ మీద కూర్చుని గీత చూశాడు. చాలాసేపు చూశాడు.

"కోల ముందు," అన్నాడు. "అరవై రెండు. కాంచనదుర్గం."

గోనె నేల మీద కుప్పగా పడి ఉంది. ఒక భటుడు బల్లెం కొసతో దాన్ని ఎత్తాడు. లోపల మనిషి లేడు.

పోలయ్య నడిచి వచ్చి చెండును పింగళుడి చేతిలో పెట్టాడు. "సెండు మీది, దిక్కు మాది. లెక్క సరి సామీ. లోపలేటో కదుల్తంది, బేగి కొయ్యి."

దిక్కు పోయినందుకు మేడ మీది జెండా కిందికి దిగుతోంది. పింగళుడు అటు చూడలేదు. చెండు పట్టుకుని గుడారానికి పరుగెత్తాడు. తెర ఎత్తాడు. సూర్యుడు సగం మునిగాడు. తొమ్మిదిమందీ చాప మీద పడి ఉన్నారు. ఎవరికీ రొమ్ము కదలడం లేదు. మొలలోని కత్తి తీసి చెండు తోలును నిలువునా కోశాడు. నూలు చుట్ట విప్పుకుంది. నల్లటిదేదో పొగలా బయటికి వచ్చి తొమ్మిది పాయలైంది. ఎనిమిది పాయలు చాప మీదికి పాకి ఎనిమిదిమంది పాదాలకు అంటుకున్నాయి. ఆ ఎనిమిదిమంది దగ్గారు. మొదట పడినవాడు నీళ్ళడిగాడు.

తొమ్మిదో పాయ ఆలస్యంగా వచ్చింది. కేసరి పాదాల దగ్గర ఆగింది. తరువాత అంటుకుంది.

కేసరి కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాడు. "తమ్ముడూ," అన్నాడు. "పింగళా."

పింగళుడు ఏడుస్తూ అన్న భుజాలు పట్టుకున్నాడు. ఆఖరి ఎండ గుడారం గుడ్డ మీద పడుతోంది. దాని మీద ఇద్దరి నీడలూ ఉన్నాయి. కేసరికి ఆ ఉదయమే మంగలి తల నున్నగా గొరిగాడు. గుడ్డ మీద అతని నీడకు నడుము దాకా జటలున్నాయి.